ఈసారి గెలుపు మీదే

టైలరమ్మ నవలను లైబ్రరీ బల్ల మీద పెట్టి, అందులోంచి ఒక చీటీ తీసింది.

"మా ఆయనకి ఇది రాసింది మీరేనా?"

'ఈసారి గెలుపు మీదే' అని ఉంది చీటీలో. నెల రోజులుగా మొగుడి నోట "లైబ్రరీ మేడమ్ చెప్పారు" అన్న మాట వినీ వినీ ఆమె లోపల కుతకుత ఉడికిపోతోంది. అంతరిక్షంలో హత్య నవలా మేడమ్ చెప్పిందే, కొత్తగా వచ్చిన దెయ్యం డిటెక్టివ్ నవలా మేడమ్ చెప్పిందే. ఇప్పుడు చీటీలు కూడానా.

"నేనే," అంది మేడమ్ తడుముకోకుండా. "ఇంతకీ గెలిచారా?"

"ఎవరి మీద?"

"మీ మీదేనండీ. మీరు మిషన్ కుడుతుంటే ఆయన చదివి వినిపిస్తారటగా. సగం కాకముందే హంతకుడెవరో మీరు చెప్పేస్తారట. మా ఆవిడ పట్టుకోలేని నవల ఇవ్వండంటూ వారం వారం నా ప్రాణం తీస్తున్నారు."

టైలరమ్మ కోపం ఎటు పోవాలో తెలీక ఆగిపోయింది.

"ఓడిపోయారు," అంది నెమ్మదిగా.

"దెయ్యం కథలో కూడానా? నాకే చివరిదాకా అంతు చిక్కలేదు. ఎలా పట్టారు?"

"కథ ఎవరు విన్నారు? ఆయన ముందే చదివేసుకుని కూర్చుంటారు. హంతకుడి మాటలు రాగానే గొంతు మరీ అమాయకంగా పెడతారు."

మేడమ్ నవ్వబోయి ఆగింది. ఇంకో కొత్త నవల మీద ముద్ర వేసి ఇస్తూ, "మా ఆయన గొంతు ఎప్పుడెలా మారుతుందో నాకు తెలీదు," అంది, ఆమె వంక కాస్త ఈర్ష్యగా చూస్తూ.

ఆ చూపు టైలరమ్మకి కొత్త కాదు. పొద్దున బయల్దేరేముందు అద్దంలో చూసిందే.