వంద రోజుల ప్రమాణం

"హర్జోనో ఏ పాపం ఎరగడని గుళ్లో ప్రమాణం చేస్తాను" అన్నాడు స్వీ లియాంగ్.

జావా తీరాన లాసెం ఊరి బజారు కాఫీ కొట్లో ఉన్నవాళ్లంతా గ్లాసులు కింద పెట్టేశారు.

"ఏం కోహ్, పొద్దున్నే మందు కొట్టావా?" అన్నాడొకడు, అతన్ని చైనా వాళ్ల వరసలో అన్నా అని పిలుస్తూ. ఎవరూ నవ్వలేదు.

పంతొమ్మిదేళ్లుగా అదే బల్ల దగ్గర కూర్చుని, "నా కూతుర్ని చంపింది హర్జోనోయే" అని అరిచిన మనిషి అతను. హర్జోనో పెళ్లి మాటను లానీ కాదన్న మర్నాడే, ఆమె పనిచేసే బాటిక్ అద్దకం షెడ్డు తగలబడింది. షెడ్డు హర్జోనోది. తలుపుకి బయట గడియ వేసి ఉంది. సాక్ష్యం లేదని కోర్టు అతన్ని వదిలేసింది. స్వీ లియాంగ్ నోరు మాత్రం వదల్లేదు.

హర్జోనో కూడా వదల్లేదు. ఊళ్లో ఏ రంగుల తొట్టి దగ్గరా స్వీ లియాంగ్‌కి పని దొరక్కుండా చూశాడు. కానీ పోయిన నెల గుడి పెద్ద పదవికి హర్జోనో పేరు వచ్చినప్పుడు, ఊరి పెద్దలు తల అడ్డంగా ఊపారు. "ఆ తండ్రి నోరు మూసుకున్న రోజు చూద్దాం" అన్నారు.

ఆ రోజు ఇంత తేలిగ్గా వస్తుందని హర్జోనో అనుకోలేదు.

శుక్రవారం ఉదయం గుడి ఆవరణ నిండిపోయింది. ముందు సముద్రమ్మకు మూడు అగరువత్తులు, వెనకాల ఊరిని కాచే జావా అవ్వ సమాధి మీద గులాబీ రేకులు. రెండు చోట్లా పూర్తయితేనే ప్రమాణం. ఒక్కచోట చేసి ఊరుకుంటే ఈ ఊళ్లో చిన్నపిల్లలు కూడా నమ్మరు.

అగరువత్తులు అందిస్తూ గుడి కాపరి సార్డి తాత గొంతు తగ్గించాడు.

"తెలిసే చేస్తున్నావా? జాలరి కస్బన్ సంగతి మర్చిపోయావా? బావమరిది పడవ దొంగ కాడని ఇక్కడే ప్రమాణం చేశాడు. డెబ్భయ్యో రోజున చచ్చిపోయాడు. ఆ తర్వాత ఆ బావమరిది చేతి నీళ్లు కూడా ఎవరూ ముట్టలేదు. ఊరే వదిలిపోయాడు."

పక్కనే నిలబడ్డ హర్జోనో పకపకా నవ్వాడు. "చేపల బజారు కబుర్లు మానేయ్ తాతా! ఈ గుడి పైకప్పు నేయించింది నేను. ఎవరి నీడన కూర్చుందో సముద్రమ్మకు తెలీదా?"

స్వీ లియాంగ్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. హర్జోనో రాయించిన వాక్యాన్ని కాగితం చూడకుండానే చెప్పాడు.

"నా కూతురు లానీ చావుకి హర్జోనో కారణం కాదు."

ఆగాడు. తల ఎత్తి ఇంకాస్త గట్టిగా అన్నాడు.

"ఇది అబద్ధమైతే వంద రోజుల్లో నా ప్రాణం తీసుకో తల్లీ."

జనంలో కలకలం రేగింది. ఆ రెండో మాట కాగితం మీద లేదు. ప్రాణం పణంగా పెట్టి మరీ తనను కడిగేస్తున్నాడని హర్జోనో మొహం వెలిగిపోయింది. ఊరి పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చావుకి తెగించి ఎవడు అబద్ధం ఆడతాడు?

వెనక సమాధి దగ్గర స్వీ లియాంగ్ రేకులు చల్లుతుంటే హర్జోనో పక్కన చేరి అతని చెవిలో అన్నాడు.

"ఆ గడియ చప్పుడు నాకింకా గుర్తుంది కోహ్. పంతొమ్మిదేళ్లు బజార్న నా పరువు తీశావు. ఇప్పుడు నీ నోటితోనే కడిగించుకున్నాను. సరిపోలేదు. నా కాళ్లకి దణ్ణం పెట్టు. వీళ్లంతా చూడాలి."

స్వీ లియాంగ్ చేతిలో మిగిలిన రేకులు నలిగి ముద్దయ్యాయి. వంగి హర్జోనో మోకాళ్లకు నుదురు ఆనించాడు. లేస్తూ, జారిపోతున్న లుంగీని బిగించి కట్టుకున్నాడు.

పెద్దలు అక్కడికక్కడే హర్జోనోకి గుడి పెద్దగా ఎర్ర కండువా కప్పారు.

ఇంటికి వచ్చేసరికి స్వీ లియాంగ్ చాప, బట్టలు వాకిట్లో పడున్నాయి. గుమ్మంలో భార్య ముర్యాతి నిలబడి ఉంది. ఆమె కళ్లలో నీళ్లు లేవు.

"లోపలికి రాకు. పిల్లని వాడొకసారి కాల్చాడు, నువ్వీ రోజు ఊరందరి ముందు మళ్లీ కాల్చావు."

"ముర్యాతీ..."

"నోరు తెరవకు! వాడి కాళ్ల మీద పడ్డావుటగా? వాడి గొంతు పిసుకుతానని నా బిడ్డ బూడిద పట్టుకుని ఒట్టు పెట్టిన మగాడివి నువ్వేనా? ఆ చేతులేమయ్యాయి?"

"ఆ ఒట్టు తప్పను. కొన్నాళ్లు ఓపిక పట్టు."

"ఎందుకు? వంద రోజులు పోతే నువ్వు కాఫీ కొట్లో కూర్చుంటావు, వాడు సముద్రమ్మ పల్లకీ ముందు నడుస్తాడు. ఇంతేగా జరిగేది?"

అతను చాప చుట్టి చంకన పెట్టుకున్నాడు. అది చూసి ఆమెకి ఇంకా ఒళ్లు మండింది.

"పోయిన వారం నాకు చెప్పకుండా సెమరాంగ్ పట్నం వెళ్లొచ్చావు. వచ్చిన మర్నాడే ఈ బుద్ధి పుట్టింది. అక్కడ కలిసింది ఎవర్ని? వాడి మనుషుల్నేగా?"

పంతొమ్మిదేళ్లలో మొదటిసారి స్వీ లియాంగ్ నవ్వాడు.

అతను కలిసింది క్యాన్సర్ డాక్టర్ని. ఆయన చెప్పిన గడువు నలభై రోజులు.