తాడు రెండో కొస

అత్తగారితో కలిసి పుణ్యక్షేత్రానికి కాలినడకన బయల్దేరిన అల్లుడు, లోయ మీది వేలాడే వంతెన చూడగానే చతికిలబడ్డాడు. ఎత్తంటే అతనికి చచ్చేంత భయం.

అత్తగారు అతని నడుముకి తాడు కట్టింది. "రెండో కొస పట్టుకుని నేను వెనకే వస్తాను. తిరిగి చూడకుండా నడవండి అల్లుడుగారూ."

తాడు బిగువుగానే ఉంది. వెనక ఎవరో కాళ్ళీడ్చుకుంటూ వస్తున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. ఆ ధైర్యంతో అతను కళ్ళు మూసుకుని, భయం తెలియకుండా ఏదేదో వాగుతూ నడిచాడు. "మీ చాదస్తంతో వేగలేక చస్తున్నా అత్తయ్యా" అని కూడా అనేశాడు. ఎన్నడూ లేనిది, ఆవిడ ఎదురు చెప్పలేదు.

వంతెన దాటాక కళ్ళు తెరిచి వెనక్కి తిరిగాడు. తాడు కొసన ఆవిడ సంచీ ఉంది.

ఆవిడ అవతలి గట్టునే కూర్చుని కేకేసింది.

"నాకూ ఎత్తంటే భయమేనండీ. వచ్చి నన్ను తీసుకెళ్ళండి. ఇందాక ఏదో అంటున్నారు, సరిగ్గా వినబడలేదు. దారిలో మళ్ళీ చెబుదురుగాని."