రాయనివ్వని డిస్కు

మూడు రోజులుగా గని ఆసుపత్రి కంప్యూటర్ చదవనిస్తోంది, రాయనివ్వడం లేదు. కరెంటు పోయి వచ్చాక దాని ప్రధాన డిస్కు చదవడానికి మాత్రమే తెరుచుకుంది. కార్మికుల కుటుంబాల జాబితా అందులోనే ఉంది. కొత్త పేరు ఎక్కదు, పాత పేరు పోదు.

సమ్మవ్వ మళ్ళీ నా కౌంటర్ కిటికీ దగ్గరికి వచ్చింది. ఆసిఫాబాద్ నుంచి తెచ్చుకున్న కోడలి పేరు జాబితాలో ఎక్కితేనే కాన్పు వార్డులో చేర్చుకుంటారు.

"సారూ, నీ మిషిన్‌కు ఇంకా జరం తగ్గలేదా? పొల్లకు పొద్దుగాల్ల సంది నొప్పులు. గేటు కాడ బండిల పండవెట్టిన."

"చూస్తున్న అవ్వా."

"మూడొద్దుల సంది సూస్తనే ఉన్నవ్. నీ ఇంటామె అయితే గిట్లనే కూసుంటవా?"

డిస్కును పరీక్షించే ఆదేశం ఇచ్చాను. అది తప్పులు సరిదిద్దింది. రాయడానికి వీలుగా డిస్కును మళ్ళీ తెరిచాను. నాలుగు నిమిషాలు పట్టింది. కోడలి పేరు ఎక్కించి చీటీ ఇచ్చాను.

"నీ కడుపు సల్లగుండ బిడ్డా," అంటూ సమ్మవ్వ గేటువైపు పరుగెత్తింది.

బల్ల మీద మూడు రోజులుగా ఆగి ఉన్న ఇంకో దరఖాస్తు మిగిలింది. భార్య దేవకి మరణించినందున పేరు తొలగించవలెను. కింద సంతకం నాదే.

తెర మీద నా పేరు కింద ఆమె పేరు ఉంది. తీసెయ్యాలా అని కంప్యూటర్ అడిగింది. అవునని కొట్టాను.

మరమ్మతు ఎట్లా చేయాలో నాకు మొదటి రోజు పొద్దున్నే తెలుసు.