ఆఖరి తోట

"ముందు మా తోటకే పోదాం," అంది ట్రూడీ.

"వద్దు, నీది ఆఖర్న చూద్దాం," అన్నాడు లీత్, కారు తిప్పుతూ.

"మా ఊళ్లో నాకే దారి చెప్తున్నావే!"

"పోనీలేవే," అంటూ వెనక సీట్లోంచి నవ్వింది గ్లెనిస్. "తోలేది వాడు, తాగేది మనం. ఎటుపోతే మనకేం?"

వ్యవసాయ కళాశాలలో కలిసి చదువుకున్న ఆ ముగ్గురికీ ఏటా ఎవరో ఒకరి ఊళ్లో కలుసుకుని వైనరీలు తిరగడం అలవాటు. ఈసారి ద్రాక్షతోటలకి పేరుపడ్డ బరోసా లోయలో, ట్రూడీ ఊళ్లో. గ్లెనిస్ అడిలైడ్‌లో టీచరు. లీత్‌కి పక్క రాష్ట్రం విక్టోరియాలో సొంత ద్రాక్షతోట ఉంది. ఎప్పుడూ అందరికంటే ముందు గ్లాసు అందుకునే మనిషి, ఈసారి చుక్క ముట్టనన్నాడు, బండి తనే నడుపుతానన్నాడు. ట్రూడీకి అక్కడే ఏదో తేడా కొట్టింది.

మొదటి వైనరీ గుమ్మంలోనే అతను డిక్కీ తీసి, కొత్త బూట్ల మీద ప్లాస్టిక్ తొడుగులు వేసుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు వాటిని విప్పి, సంచిలో మూటగట్టి, బూట్ల అడుగున పురుగుమందు కొట్టాడు.

"మా మట్టి అంటితే కందిపోతావా?" అంది ట్రూడీ.

లీత్ సంచికి ఇంకో ముడి వేశాడు.

నిజానికి విక్టోరియా నుంచి వచ్చేవాళ్లకి ఆ జాగ్రత్త ఉండాల్సిందే. అక్కడ కొన్ని చోట్ల వేరుపేను ఉంది. కంటికి ఆనీ ఆనని పసుపు పురుగు. బూటుకంటిన మట్టిలో కూర్చుని ఊళ్లు దాటుతుంది. అది పట్టిన తీగకి మందు లేదు, పీకి కాల్చడమే. బరోసాలోకి అది ఇంతవరకూ రాలేదు. అందుకే ట్రూడీ ముత్తాత నాటిన షిరాజ్ రకం ద్రాక్ష తీగలు ఇంకా కాస్తున్నాయి. కానీ బూట్లకి పురుగుమందు కొట్టుకోవడం వేరు, పెళ్లికి వచ్చినవాడు కొట్టు గది వెతుకుతున్నట్టు ప్రతిచోటా మాయమవడం వేరు. వీళ్లు లోపల వైన్ రుచి చూస్తుంటే అతను బయట కంచె వెంబడి తిరుగుతూ, ఆకులకేసి తేరిపార చూస్తున్నాడు.

మధ్యాహ్నం రోల్ఫ్ వైనరీలో భోజనం. రోల్ఫ్ తోటకీ ట్రూడీ తోటకీ మధ్య ఒక్క కంచే అడ్డం. సాసేజీ ముక్కలు వడ్డిస్తూ ఆ ముసలాయన ఆమె చెవి దగ్గర గొంతు తగ్గించాడు.

"ఏమ్మాయ్, తోట గానీ అమ్మేస్తున్నావా?"

"ఎవరన్నారు?"

"నీ స్నేహితుడు తెగ ఆరా తీస్తున్నాడు. నీ ట్రాక్టరు నా వరుసల్లోకి వస్తుందా, కోతకి ఇద్దరికీ ఒకళ్లే మనుషులా అని. కొనేవాడికి కాకపోతే అవన్నీ ఎవరికి కావాలి?"

ట్రూడీ పళ్లెం పక్కన పెట్టి లేచింది. లీత్ కోసం వెతుకుతూ బయటికి వచ్చింది. అతను పీపాల షెడ్డు వెనక ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"లేదు, తనకింకా చెప్పలేదు. సాయంత్రం తోట నా కళ్లతో చూస్తాను. ఆ తరవాతే మీవాళ్లని పంపండి."

ఆమె వెనక్కి వచ్చి గ్లెనిస్‌ని పక్కకి లాగింది. "వీడు ఎవరికో నా తోట బేరం పెడుతున్నాడే."

"లీతా? పరీక్షలో చీటీ పెట్టడం కూడా చేతకాని మనిషి వాడు!"

"అప్పుడు చేతకాలేదు. ఇప్పుడు నేర్చుకున్నాడు."

సాయంత్రం ట్రూడీ ఇల్లు చేరారు. గ్లెనిస్ వరండాలో కుర్చీ వాల్చుకుని కళ్లు మూసుకుంది. ట్రూడీ లోపలికి వెళ్లి చీజూ రొట్టే పళ్లెంలో సర్దుకుని వచ్చేసరికి లీత్ లేడు. పళ్లెం అక్కడే పెట్టేసి తోటలోకి పరుగులాంటి నడకతో వెళ్లింది.

ముత్తాత తీగల మధ్య మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడతను. రంగు తిరుగుతున్న గుత్తుల కింద మట్టి తవ్వి ఉంది. చేతిలో చాకు, తెగిన వేరు.

"దొంగవెధవా!" అంటూ ఆమె అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "ఇంతకాలం స్నేహితుడివనుకున్నాను. ఎవరు పంపారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు."

"ఫోన్లో మాట్లాడింది విన్నాను. ఎవరికి బేరం పెట్టావ్?"

అతను జేబులోంచి భూతద్దం తీసి, వేరుతో పాటు ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వే చూడు."

వేరు ముడులు ముడులుగా ఉబ్బి ఉంది. ఆ ముడుల మీద పసుప్పచ్చటి చుక్కలు. చూస్తుండగానే ఒక చుక్క కదిలింది.

ట్రూడీ చేతిలోంచి భూతద్దం జారిపోయింది.  ఆమె అరిచింది.

"నువ్వే తెచ్చావ్! నీతోనే వచ్చిందిది!"

"నేనీ తోటలో కాలు పెట్టి పావుగంట కాలేదు. వేరు ఇంతగా ఉబ్బడానికి ఏళ్లు పడుతుంది. నీకు తెలియందా?"

తెలుసు. తెలుసు గనకే ఆమె మట్టిలో కూలబడింది.

"మరెలా వచ్చింది, లీత్?"

అతను పక్కన కూర్చున్నాడు. తవ్విన మట్టిని తిరిగి వేళ్ల మీదికి నెమ్మదిగా నెట్టాడు.

"పోయినవారం మా తోటలో బయటపడింది. లోపల ఎన్నేళ్లుగా ఉందో. వ్యవసాయ శాఖవాళ్లు పీకేయమన్నారు, మొత్తం. ఫోన్లో మాట్లాడింది ఇక్కడి శాఖవాళ్లతోనే."

"అయ్యో... నాకు చెప్పనే లేదేం?"

"ఇక్కడ చూడకుండా ఎలా చెప్పను? లేకపోతే బాగుండని ఒకటే మొక్కుకుంటూ వచ్చాను. ఉంటే నీ మట్టి ఇంకో తోటకి అంటకూడదనే నీది ఆఖర్న పెట్టాను."

"కానీ మీ తోట ఎక్కడ, మా తోట ఎక్కడ! అది ఇంత దూరం..."

లీత్ ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు.

"మూడేళ్ల కిందట మా కోతకి సాయానికొచ్చి, ఆ బూట్లతోనే ఇక్కడికి తిరిగొచ్చింది నువ్వే కదా, ట్రూడీ?"