ఇంట్లో నడిచినట్టు

"మళ్లీ నడవమ్మా," అన్నాడు దర్శకుడు స్పీకర్లోంచి.

ఆమె మళ్లీ నడిచింది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, నేల మీద అతికించిన పసుపు టేపు దాటకుండా. కిటికీల్లేని హాలు. పైన చుట్టూ కెమెరాలు, ఒక్కోదానికీ ఒక ఎర్రటి కన్ను. ఒంటికి అతుక్కుపోయిన నల్ల సూటు, దాని నిండా మెరిసే పూసలు. ఏ మూల నిలబడినా ఆ కళ్లు ఆమెను వదలవు.

సూటు కింద, ఎడమ మోకాలికి పొద్దున అక్క బిగించిన పట్టీ ఉంది. "ఈ ఒక్కరోజు ఎలాగోలా నెట్టుకురావే," అంది అక్క ముడి వేస్తూ.

స్టేజీ మీంచి పడి మోకాలు విరిగినప్పటి నుంచి ఆమెకు కుంటు మిగిలింది. డాన్సు బృందం మర్యాదగా సాగనంపింది. ఆ తర్వాత పిలిచిన నాథుడు లేడు. ఈ వీడియో గేమ్ కంపెనీ ఎంపికకి కూడా ఆశ లేకుండానే వెళ్లింది. పళ్ల బిగువున తిన్నగా నడిచి చూపించి, బయట వరండాలోకి వచ్చాక కాలీడ్చుకుంటూ మెట్లు దిగింది. ఆమె కంటే బాగా నడిచినవాళ్లు బోలెడుమంది. అయినా పని ఆమెకే వచ్చింది. నక్క తోక తొక్కాననుకుంది. ఆమె నడకను కెమెరాలతో పట్టి గేమ్‌లో ఒక పాత్రకు పెడతారట, ఏ పాత్రో మాత్రం చెప్పలేదు. కథ బయటికి పొక్కుతుందని నటులకు కూడా చెప్పరట.

"అలా కాదమ్మా. మామూలుగా నడువు, ఇంట్లో నడిచినట్టు."

ఇంట్లో ఎలా నడుస్తుందో చూస్తే నిమిషంలో గేటు చూపిస్తారు. ఆ మాట ఎరేనని ఆమెకు తెలుసు.

మొదట కెమెరాలను వీడియో మోడ్‌లో పెట్టారు. అందులో మనిషి మనిషిలాగే కనిపిస్తుంది. నవ్వు ముఖం పెట్టి గట్టెక్కింది. తర్వాత చుక్కల మోడ్‌కి మార్చారు. అందులో మనిషి మాయమై, పూసలే తెల్లటి చుక్కలై కదులుతాయి. అక్కడ నవ్వు పనిచేయదు, కాళ్లే అబద్ధమాడాలి. ఆడాయి.

అయినా వదల్లేదు. కెమెరాలు ఆపి వాటి ఇంజనీరు లోపలికొచ్చి, వంగి, ఎడమ మోకాలి మీద పూసను సరిచేశాడు. ఆమె కాలు వెనక్కి లాక్కుంది. ఏమైందని అడిగింది.

"ఏం లేదమ్మా. చుక్కల మోడ్‌లో చిన్న కదలికలు ఎగిరిపోతున్నాయేమోనని సారుకి అనుమానం. ప్రెసిషన్ మోడ్ పెడుతున్నా. వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేస్తుంది."

పసిగట్టేశారన్నమాట. నిజం నోటిదాకా వచ్చింది. అక్క గుర్తొచ్చి మింగేసింది. ఇంజనీరు వెళ్లగానే మూసుకున్న తలుపు వైపు చూసింది. కెమెరాలు నడుస్తున్నంతసేపూ అది తెరుచుకోదు.

నడిచింది. మోకాలు నిప్పులు కక్కుతున్నా, దెబ్బ తగిలాక ఎన్నడూ నడవనంత చక్కగా నడిచింది.

కెమెరాల ఎర్రటి కళ్లు ఆరిపోయాయి. కాసేపటికి దర్శకుడే హాల్లోకి వచ్చాడు, ముఖం వేలాడేసుకుని.

"ఇక చాల్లేమ్మా. ఏ మోడ్‌లో చూసినా ఇంతే. నాకు కావలసింది ఇది కాదు."

అంతా అయిపోయిందనుకుని ఆమె తల దించుకుంది.

"యుద్ధంలో దెబ్బతిన్న మా గేమ్ రాణి దొరికిందని, ఆ రోజు వరండాలో నువ్వు కాలీడ్చుకుంటూ వెళ్లడం చూసి మిగతా అందర్నీ పంపించేశాను," అన్నాడు దర్శకుడు, "ఆ నడక ఏం చేశావమ్మా?"