మూడో సీసా

"ఎక్కడి నీళ్లో రాయకుండా తెస్తే పరీక్ష చేయనని చెప్పానా, లేదా?" నీళ్ల పరీక్షలు చేసే ఆయన కళ్లజోడు పైకి తోసుకుని కసిరాడు.

కాన్పుల ఆసుపత్రి నర్సు కదల్లేదు. మూడు గాజు సీసాలు బల్లమీద పెట్టింది. "రాస్తే చూడకముందే ఒక అభిప్రాయం ఏర్పడిపోతుంది సార్. ప్లాస్టిక్ ఎంతుందో చూసి చెప్పండి, అంతే."

ఆయన గొణుక్కుంటూనే ఆమెకు కుర్చీ లాగి వేశాడు. ఏడో నెల మనిషి. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరలేదు.

"రేపు రా తల్లీ. వడపోతకే ఒక పూట పడుతుంది."

మర్నాడు ఆయన తాళం తీసేసరికే ఆమె వరండాలో నిలబడి ఉంది.

"మొదటిది కుళాయి నీళ్లేగా?" అన్నాడాయన కాగితం చూస్తూ. "ప్లాస్టిక్ నలుసులు పదకొండు."

"వార్డు కుళాయే. రెండోది?"

"నలభై. డబ్బా నీళ్లు. మూత తిప్పినప్పుడల్లా ఇంత రాలుతుంది. ఈ మాటంటే డబ్బాలవాడు నా మీదికి కొట్లాటకొస్తాడు."

"మూడోది?"

"ఇరవై ఆరు. పైగా కాస్త పసుపు తిరిగాయి. పైపు తుప్పు పట్టిందేమో చూపించండి."

"సరిగ్గా చూశారా సార్?"

"మూడుసార్లు చూశాను."

"ప్లాస్టిక్‌ని దరిదాపులకు రానివ్వలేదే! స్టీలు బిందె, గాజు గ్లాసు, కాచి వడకట్టిన నీళ్లు..." ఆమె మూడో సీసా చేతిలోకి తీసుకుంది. "కంటికి రెప్పలా చూసుకున్నాను సార్."

"కంటికి కనపడని దానికి రెప్ప ఏం అడ్డం తల్లీ? ఇంతకీ ఎవరు తాగుతున్నారివి?"

"ఒక్క పసిబిడ్డ."

"పసిబిడ్డా!" ఆయన లేచి నిలబడ్డాడు. "కన్నతల్లికి బుద్ధుండక్కర్లా? ఈ పూట నుంచే మాన్పించమను."

"మాన్పిస్తే బతకదు సార్."

"అదేం మాట? ఊళ్లో వేరే నీళ్లే కరువయ్యాయా?"

ఆమె అడుగున కాసిన్ని మిగిలిన ఆ సీసాకు మెల్లగా మూత బిగించింది.

"ఆ బిడ్డకు వేరే నీళ్లు లేవు సార్. మొన్న డాక్టరమ్మ సూదితో తీసింది... అది నా ఉమ్మనీరు."