ఫొటో బట్టలు

“బూట్లు విప్పించండి. మేజోళ్లు కూడా,” అన్నాడు పాస్టరుగారి బావమరిది, కెమెరా కంటికి ఆనించుకుని.

లెక్కల టీచరమ్మకు ఒళ్లు మండింది. చర్చివాళ్లతో కలిసి దేశం కాని దేశం వచ్చి, వారం రోజులుగా ఈ బడి పిల్లలకు భిన్నాలు చెబుతోంది. పిల్లలు శుభ్రంగా తల దువ్వుకుని, ఇస్త్రీ యూనిఫాంలో వస్తున్నారు. ఆయనకు నచ్చనిది అదే.

“ఇంత చలిలో బూట్లు విప్పడం ఎందుకండీ?” స్వెటరు గుండీలు మెడదాకా పెట్టుకుంటూ అడిగింది.

“మీకు తెలీదు టీచరమ్మా. వీళ్లిలా నీటుగా కనబడితే మన సంఘంలో ఎవరికి జాలి పుడుతుంది? అంతా దేవుడి పని కోసమే కదా!”

“దేవుడు ఫొటో అడిగాడా?”

ఆయన వినిపించుకోలేదు. హెడ్మిస్ట్రెస్ వైపు తిరిగి, “పాత బట్టలేమైనా ఉన్నాయా?” అన్నాడు.

ఆవిడ బీరువా పక్కనున్న ట్రంకుపెట్టె తెరిచింది. ముక్కిపోయిన వాసన గుప్పుమంది. ఎవరూ చెప్పకుండానే పిల్లలు వరస కట్టి, యూనిఫాం మీద తలా ఒకటి తగిలించుకున్నారు. చంకలో చిరిగిన చొక్కాలు, జిప్పు ఊడిన జాకెట్లు, కాలరు మీద ఎవరిదో ఏళ్లనాటి చెమట జిడ్డు.

ముందు బెంచీ పిల్ల మాత్రం బూట్లు విప్పలేదు. “పొద్దున్నే మా అమ్మ పాలిష్ చేసిందండీ,” అంది.

“ఈ పిల్ల బూట్ల జోలికొచ్చారంటే, ఊరెళ్లగానే సంఘం ముందు నిలబడి అంతా చెప్పేస్తాను!” అని టీచరమ్మ గయ్యిమంది.

హెడ్మిస్ట్రెస్ ఆమె చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కెళ్లింది. “మీకు దణ్ణం పెడతాను, అంత పని చెయ్యకండమ్మా. మా రెండో టీచరు జీతం మీ చర్చే ఇస్తోంది. ఫొటోల్లో పిల్లలు బాగానే ఉన్నారని పోయినేడు ఇంకో చర్చివాళ్లు మానేశారు. మీరూ మానేస్తే మూడు క్లాసులు మూసుకోవాలి.”

టీచరమ్మ లోపలికొచ్చేసరికి ఆ పిల్ల తనంతట తనే బూట్లు విప్పి బెంచీ కింద దాచేసింది. మోకాళ్ల దాకా వచ్చే కోటు వేసుకుని, చేతులు మూడు మడతలు పైకి మడుచుకుంది. కోటుకు గుండీల్లేవు. రెండు అంచులూ పిడికిట్లో పట్టుకుని నిలబడింది.

“ఎవరూ నవ్వకూడదు! ఆఁ, అలాగే! దేవునికి స్తోత్రం!” కెమెరా క్లిక్కుమంది. ఆయన పక్క క్లాసుకు వెళ్లిపోయాడు.

టీచరమ్మ నేల మీద కూర్చుని ఆ పిల్లకు బూట్లు తొడిగింది. కోటు ముందరి భాగం ముఖానికి తగిలినంత దగ్గరగా ఉంది. గుండీలుండాల్సిన ఆరు చోట్లా దారప్పోగులు నిక్కబొడుచుకుని కనిపించాయి.

“ఛీ! ఇవి ఊడినవి కావండీ, కత్తెరతో కోసుకున్నవి! గుండీలకు కూడా కక్కుర్తిపడి, ఈ పీలికలు దానం చెయ్యడానికి చేతులెలా వచ్చాయో! ఎవరిచ్చారివి?”

హెడ్మిస్ట్రెస్ తల దించుకుంది. “మీ చర్చి నుంచే వచ్చాయమ్మా, రెండేళ్ల కిందట. పెట్టె మీద ప్రేమ కానుక అని రాసుంది. పిల్లలు తొడుక్కోవడానికి పనికిరాలేదు. పారేయడమెందుకని ఫొటోలకు దాచాం.”

“మావాళ్లా?” టీచరమ్మ చివాల్న లేచింది. “ఆ మహాతల్లి ఎవరో కనుక్కుంటాను. సంఘంలో అందరి ముందూ కడిగేస్తాను!”

ఆ పిల్ల కోటు విప్పి, మడిచిన చేతులు కిందికి లాగింది. కుడిచేతి అంచున, కత్తెరకు చిక్కకుండా ఒకే ఒక్క నీలం గుండీ మిగిలి ఉంది, మీద చిన్న చుక్క చెక్కి. ఆ పిల్ల గుండీని చూసింది. తలెత్తి టీచరమ్మ స్వెటరును చూసింది. ముఖం వెలిగిపోయింది.

“మేడమ్, మిగతా ఆరూ దొరికాయి! టీచరమ్మగారి దగ్గరే ఉన్నాయి!”